దెబ్బ పడకముందే – పావ్లోవ్ కథ

ఈసారి గోడపత్రికలో శాస్త్రవేత్తల కాలమ్ నా వంతుకి వచ్చింది. న్యూటన్ గురించి, మేడమ్ క్యూరీ గురించి, మన సి.వి. రామన్ గురించి ఇదివరకే మనవాళ్లు రాసేశారు. అందుకని మన జీవశాస్త్రం పుస్తకంలో నాలుగు లైన్లు మాత్రమే దక్కిన ఒకాయన్ని తీసుకున్నాను. ఆయన పేరు ఇవాన్ పావ్లోవ్. గంట కొడితే కుక్కకి నోరూరింది, అంతే కదా అని పక్క కాగితానికి వెళ్లిపోకండి. అంతే అయితే నేనూ రాసేవాణ్ణి కాదు. అపాయం మీద పడకముందే దాని గుర్తుని కనిపెట్టి ప్రాణి ఎలా జాగ్రత్త పడుతుందో ఆయన పనిలో ఉంది. మన పుస్తకంలో లేనిది ఆ సంగతే. నేను రాయాలనుకున్నదీ అదే.

పావ్లోవ్ 1849 సెప్టెంబరు 26న రష్యాలో ర్యాజాన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి చర్చిలో మతగురువు. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. తండ్రితో కలిసి తోటలో మట్టిపని చేసేవాడు. ముసలితనం దాకా ఆ అలవాటు పోలేదంటారు. చిన్నప్పుడు ఎత్తు మీది నుంచి రాతినేల మీద పడి బాగా దెబ్బ తగిలింది. చాలా కాలం కోలుకోలేదు. అందుకే బడిలో చేరేసరికి 11 ఏళ్లు వచ్చేశాయి. మన హాస్టల్లో ఆలస్యంగా బడికి వచ్చినవాళ్లు ఉన్నారు, వాళ్లు ఈ లైను రెండుసార్లు చదువుకోవచ్చు.

తండ్రిలాగే మతగురువు కావాలని ఆ చదువులోనే చేర్పించారు. అక్కడ ఉండగా సెచెనోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త రాసిన పుస్తకం ఒకటి చేతికి దొరికింది. మెదడు చేసే పనులని కూడా అసంకల్పిత ప్రతీకార చర్యలుగా అర్థం చేసుకోవచ్చని 1863లో వచ్చిన ఆ పుస్తకం సారాంశం. వేడి గిన్నె తగిలితే చెయ్యి వెనక్కి వస్తుంది కదా, మనం ఆలోచించకముందే! అదే అసంకల్పిత ప్రతీకార చర్య. కుర్రాడికి ఆ పుస్తకం బుర్రలో కూర్చుంది. మత విద్య మధ్యలో వదిలేసి 1870లో సెయింట్ పీటర్స్‌బర్గ్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వైద్యం కూడా చదివాడు.

1881లో సెరఫీమా అనే టీచరమ్మని పెళ్లి చేసుకున్నాడు. అప్పటికి ఉద్యోగం సరైంది లేదు, ఇల్లు గడవడమే కష్టం. ఒకసారి శిష్యులు ఆయన కష్టం చూడలేక గుండె మీద ఉపన్యాసాలు చెప్పమని అడిగి, ఆ వంక మీద డబ్బులు పోగు చేసి ఇచ్చారట. ఆయన ఆ డబ్బంతా ప్రయోగాలకి జంతువులు కొనడానికే ఖర్చు పెట్టేశాడట. సెరఫీమా గారు ఏమన్నారో గానీ, మా అమ్మ అయితే ఇంట్లోకి రానిచ్చేది కాదు.

1890లో ఆయనకి సైనిక వైద్య అకాడమీలో ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. మరుసటి ఏడాది కొత్తగా పెట్టిన ప్రయోగాత్మక వైద్య సంస్థలో ఒక విభాగం అప్పజెప్పారు. కడుపులో అన్నం ఎలా అరుగుతుంది అనేది ఆయన పని. అంతకుముందు జంతువుని కోసి చూసేవాళ్లు, అది చచ్చిపోయేది, చచ్చిన పొట్టలో ఏం తెలుస్తుంది? పావ్లోవ్ చెయ్యి తిరిగిన సర్జన్. రెండు చేతులతోనూ సమానంగా ఆపరేషన్ చేసేవాడు. కుక్క పొట్టకి చిన్న ద్వారం పెట్టి, పుండు మానేదాకా చూసుకుని, బతికి తిరుగుతున్న కుక్కలో జీర్ణరసం ఎప్పుడు ఊరుతుంది, ఎంత ఊరుతుంది అని కొలిచాడు. ఆ పనికే 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. రష్యా నుంచి ఆ బహుమతి అందుకున్న మొదటివాడు ఆయనే. ఆ పాఠం మనకి ఎలాగూ ఉంది కనుక ఇక్కడితో ఆపుతున్నాను.

అసలు కథ ఆయనకి అడ్డు తగిలిన ఒక చిన్న చికాకుతో మొదలైంది. నోట్లో తిండి పడితే లాలాజలం ఊరాలి. కానీ కుక్కలకి తిండి పడకముందే ఊరిపోతోంది. తిండి తెచ్చే మనిషి అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, చుక్కలు మొదలు. లెక్కలు తప్పిపోతున్నాయి. ఇంకొకడైతే ఆ మనిషిని చెప్పులు విప్పి నడవమనేవాడు. పావ్లోవ్ మాత్రం అడుగుల చప్పుడుకి నోట్లో నీళ్లెందుకు రావాలి అని దాని వెంటే పడ్డాడు. అప్పటికి యాభై ఏళ్లు దాటాయి. నోబెల్ తెచ్చిన పని పక్కన పెట్టి మిగతా మూడు దశాబ్దాలూ ఆ చుక్కలే లెక్కపెట్టాడు.

అందరూ గంట అంటారు గానీ ఆయన వాడినవి చాలా ఉన్నాయి. దీపం, బజర్, చర్మం మీద చిన్నగా గోకడం, మెట్రోనోమ్. మెట్రోనోమ్ అంటే సంగీతం నేర్చుకునేవాళ్లు తాళం తప్పకుండా ముందు పెట్టుకునే టక్ టక్ మనే యంత్రం. దాని చప్పుడుకి కుక్కకి ఏ సంబంధమూ లేదు. కానీ టక్ టక్ తర్వాత ప్రతిసారీ తిండి వస్తే, కొన్నాళ్లకి టక్ టక్ ఒక్కటే చాలు. దీన్నే మన పుస్తకంలో నిబంధన అన్నారు. మన భోజనం గంట సంగతి వేరే చెప్పాలా! (గంట కొట్టి అన్నం పెట్టకుండా ప్రయోగం చెయ్యొద్దని మాత్రం వార్డెన్ సార్‌కి మనవి.)

ఇప్పుడు రెండో వైపు. అదే కుక్కకి తిండికి బదులు నోట్లో చాలా పల్చటి ఆమ్లం కొంచెం పోశారు. కుక్క తల విదిలిస్తుంది, నాలుకతో బయటికి తోస్తుంది, నోరు కడుక్కోవడానికి లాలాజలం బాగా ఊరుతుంది. ప్రతిసారీ ఆమ్లానికి ముందు ఒక చప్పుడు చేస్తూ పోయారు. కొన్నాళ్లకి ఆ చప్పుడు వినగానే, నోట్లో చుక్క ఆమ్లం లేకుండానే, కుక్క తల విదిలించడం, నోరు కడుక్కోవడం మొదలుపెట్టింది. రాబోయేదానికి ముందే తయారైపోయింది అన్నమాట.

పావ్లోవ్‌కి ఇందులో కనిపించింది అడవి. లేడి తన ఒంట్లో పులి పళ్లు దిగేదాకా ఆగి అప్పుడు పారిపోదాం అనుకుంటే లేడి అనే జాతే మిగలదు. పళ్లు దూరంగా ఉండగానే పులి వాసనకో, ఆకుల చప్పుడుకో కదలాలి. వాసన కరవదు, చప్పుడు గీరదు. కానీ ప్రాణం దక్కేది వాటివల్లే. ఇది ఆయన తన ఉపన్యాసాల్లో చెప్పిన సంగతే, నా మాటల్లో రాశాను. మనలో చాలామందికి ఇది కొత్త కాదు. కొండముచ్చు అరిస్తే దుప్పి తలెత్తుతుంది, పులిని చూశాక కాదు. దూలగొండి కాయ ఒక్కసారి ఒంటికి తగిలిన పిల్లవాడు రెండోసారి ఆ తీగని చూసే పక్కకి తప్పుకుంటాడు. కొన్ని భయాలు పుట్టుకతో వస్తాయి, కొన్ని ఇలా నేర్చుకుంటేనే వస్తాయి. పావ్లోవ్ పట్టుకున్నది ఈ రెండో రకాన్ని.

నేర్చుకోవడానికి కొన్ని షరతులు ఉన్నాయని కూడా తేల్చాడు. ముఖ్యమైనది వరస. గుర్తు ముందు రావాలి, అసలు సంగతి తర్వాత రావాలి. ముందు ఆమ్లం పోసి తర్వాత చప్పుడు చేస్తే కుక్క ఆ చప్పుడుని పట్టించుకోదు. నిజమే కదా, దెబ్బ పడ్డాక వచ్చే హెచ్చరిక ఎవరికి కావాలి? ఇంకొకటి, గుర్తు అబద్ధం ఆడకూడదు. టక్ టక్ వినిపించి తిండి రాకుండా మళ్లీ మళ్లీ జరిగితే చుక్కలు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతాయి. కుక్క మర్చిపోయింది అనుకుంటాం. కానీ కొంత విరామం ఇచ్చి మళ్లీ టక్ టక్ వినిపిస్తే కొన్ని చుక్కలు వాటంతట అవే వస్తాయి. అంటే చెరిగిపోలేదు, లోపల అణిచిపెట్టి ఉంది. నాకు ఈ భాగం చదివినప్పుడు ఆశ్చర్యం వేసింది.

బయటి చప్పుళ్లు ప్రయోగాన్ని పాడు చేస్తున్నాయని ఆయన కోసం మందపాటి గోడలతో ఒక భవనమే కట్టారు. చుట్టూ గడ్డి నింపిన కందకం కూడా ఉండేది. కుక్క ఒక గదిలో, మనిషి పక్క గదిలో. కుక్క బల్ల మీద నిలబడి ఉండేది, కాళ్లకీ నడుముకీ పట్టీలు. ఇక్కడ నా మనసులో మాట రాయాలి. ఆ పట్టీలు నాకు నచ్చలేదు. ఆ కుక్క తల విదల్చగలదు, నోరు కడుక్కోగలదు, అంతే. పారిపోలేదు. ఆయన దగ్గర పనిచేసిన ఎరోఫేయెవా అనే ఆవిడ కరెంటు షాకునే తిండికి గుర్తుగా పెట్టి చూసింది. మొదట గింజుకున్న కుక్క చివరికి షాకు తగిలితే తిండి కోసం తల తిప్పి నోరూరించుకుంది. కానీ షాకు పెట్టే చోటు మారుస్తూ పోయేసరికి నేర్చుకున్నదంతా ఒక్కసారిగా తెగిపోయి కుక్క గోల గోల చేసింది.

1914లో ఇంకొక ప్రయోగం. వృత్తం చూపిస్తే తిండి వస్తుంది, కోడిగుడ్డులా సాగిన దీర్ఘవృత్తం చూపిస్తే రాదు. కుక్క తేడా బాగానే కనిపెట్టింది. ఆ దీర్ఘవృత్తాన్ని కొంచెం కొంచెంగా వృత్తానికి దగ్గర చేస్తూ పోయారు. పొడవు వెడల్పులు 9కి 8 అయ్యేసరికి కుక్క వల్ల కాలేదు. మూడు వారాలు గడిచేసరికి అంతదాకా నెమ్మదిగా ఉండే కుక్క అరవడం, గింజుకోవడం, పళ్లతో పట్టీలు కొరకడం మొదలుపెట్టింది. మొదట్లో తేలిగ్గా కనిపెట్టిన తేడా కూడా పోయింది. ఏది ఏ గుర్తో తెలియకపోతే ప్రాణి జబ్బు పడుతుందని పావ్లోవ్ గ్రహించాడు. అక్కణ్ణించి మనుషుల మానసిక జబ్బుల మీద కూడా దృష్టి పెట్టాడు.

1917లో విప్లవం, ఆ తర్వాత అంతర్యుద్ధం, కరువు. కుక్కలకే కాదు, మనుషులకే తిండి లేదు. పావ్లోవ్ 70 ఏళ్ల వయసులో సంస్థ ఇచ్చిన కాస్త నేలలో కూరగాయలు పండించుకున్నాడు. 1921 జనవరిలో లెనిన్ ప్రత్యేకంగా ఉత్తర్వు ఇచ్చి ఆయన పనికి ఏ లోటూ రాకుండా చూడమన్నాడు. అంత చేసినా ఈయన ప్రభుత్వాన్ని విమర్శించడం మానలేదు. 1920ల మధ్యలో మతగురువుల పిల్లలని కాలేజీ నుంచి తీసేస్తుంటే, నేనూ మతగురువు కొడుకునే కదా అని చెప్పి సైనిక వైద్య అకాడమీ ఉద్యోగానికి రాజీనామా చేశాడు. పుట్టిన ఇల్లు చూసి చదువు ఆపేస్తే ఎలా ఉంటుందో మన బడిలో చదివేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నాకు ఆయన నోబెల్ కన్నా ఈ రాజీనామానే గొప్పగా అనిపించింది.

1936 ఫిబ్రవరి 27న న్యుమోనియాతో లెనిన్‌గ్రాడ్‌లో చనిపోయాడు. అప్పటికి 86 ఏళ్లు. ఆ ఊరే 1991 నుంచి మళ్లీ సెయింట్ పీటర్స్‌బర్గ్ అయింది. ఆయన సంస్థ తోటలో 1935లో కుక్కకి ఒక స్మారకం కట్టారు, దాని మీద కుక్క విగ్రహం ఉంది.

పట్టీలు విప్పితే కుక్క ఏం చేస్తుంది అన్న ప్రశ్న ఆయన బతికి ఉండగానే మొదలైంది. 1928లో పోలండు దేశంలో కొనోర్‌స్కీ, మిల్లర్ అనే ఇద్దరు కుర్రాళ్లు, అప్పటికి వైద్య విద్యార్థులే, ఒక కొత్త సంగతి బయటపెట్టారు. గుర్తు వినిపించినప్పుడు కుక్క కాలెత్తితే ఇబ్బంది పెట్టేది రాదు, ఎత్తకపోతే వస్తుంది. కుక్క తనంతట తానే కాలెత్తడం నేర్చుకుంది. కొనోర్‌స్కీ తర్వాత రెండేళ్లు పావ్లోవ్ దగ్గరే పనిచేశాడు. 1938లో అమెరికాలో బ్రాగ్డెన్, లిప్‌మన్, కల్లర్ అనేవాళ్లు గినీ పిగ్‌లని తిరిగే బోనుల్లో పెట్టారు. ముందు ఒక శబ్దం, తర్వాత షాకు. ఒక గుంపుకి పరిగెత్తినా షాకు తప్పదు. ఇంకో గుంపుకి పరిగెత్తితే తప్పుతుంది. తప్పే గుంపు కొద్ది రోజుల్లో ఆ శబ్దం వినగానే పరుగు అందుకుంది. తప్పని గుంపు అంతగా పరిగెత్తలేదు. గుర్తు తెలిస్తే చాలదు, తను చేసిన పని వల్ల ఉపయోగం ఉండాలి. బల్ల మీద కట్టేసిన కుక్క దగ్గర ఇది కనపడే వీలు లేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 1953లో సాలమన్, విన్ అనే అమెరికన్లు చేసింది. రెండు గదుల పెట్టె, మధ్యలో అడ్డుగోడ. దీపం ఆరుతుంది, పది సెకన్ల తర్వాత నేల నుంచి షాకు. కుక్క కొద్దిసార్లలోనే నేర్చుకుని దీపం ఆరగానే గోడ దూకి అవతలి గదిలోకి పోయేది. ఆ తర్వాత షాకు మొత్తం ఆపేశారు. పావ్లోవ్ లెక్క ప్రకారం గుర్తు అబద్ధం అయింది కనుక దూకడం తగ్గిపోవాలి. తగ్గలేదు. కొన్ని కుక్కలు వందలసార్లు దూకుతూనే ఉన్నాయి. ఎందుకంటే తిండి రాలేదని కుక్కకి తెలుస్తుంది, షాకు ఆగిపోయిందని ఎలా తెలుస్తుంది? అది చూడాలంటే అక్కడే నిలబడాలి. నిలబడితే కదా! తప్పించుకుంటున్నంత కాలం భయం నిజమో కాదో కుక్కకి తెలిసే దారి లేదు. దూకకుండా మధ్యలో అద్దం అడ్డం పెడితే, నిలబడి చూసి, కొన్ని కుక్కలు మానుకున్నాయి.

దీనికి రష్యా, అమెరికా దాకా పోనక్కర్లేదు. నేను చిన్నప్పుడు చదివిన ఒక బడిలో ఒక మాస్టారు గదిలోకి వచ్చే ముందు బెత్తంతో తలుపుకి రెండుసార్లు కొట్టేవారు. ఆ చప్పుడుకే మేము చేతులు వెనక్కి పెట్టుకునేవాళ్లం. ఆ బడి వదిలి ఏడేళ్లయింది. ఇక్కడ మమ్మల్ని ఎవరూ కొట్టడం లేదు. అయినా ఎవరైనా డస్టర్‌తో బల్ల మీద గట్టిగా కొడితే నా చేతులు వెనక్కి వెళ్లిపోతాయి. నేను పంపను, అవే వెళతాయి. మన ఆరో తరగతి తమ్ముళ్లలో ఇద్దరు ముగ్గురికి కూడా ఇలా ఉందని గమనించాను. తాళాల గుత్తి చప్పుడైతే దుప్పటి ముఖం మీదికి లాక్కుంటారు. వార్డెన్ సార్, ఇది మీ మీద ఫిర్యాదు కాదు. వాళ్లు వచ్చిన చోట ఆ చప్పుడు వెనక ఏం వచ్చేదో మనకి తెలియదు. వాళ్లని ఎందుకు భయం అని అడిగితే చెప్పలేరు, ఎందుకంటే దుప్పటి కింద నుంచి వాళ్లు ఎప్పుడూ ఏమీ చూడలేదు.

వరద సంగతి చివరికి ఉంచాను. 1924 సెప్టెంబరు 23న లెనిన్‌గ్రాడ్‌లో సముద్రం మీది గాలికి నేవా నది వెనక్కి తన్ని ఊరంతా ముంచేసింది. నీరు మూడున్నర మీటర్లకి పైగా లేచింది. పావ్లోవ్ కుక్కలు ఉన్న కొట్టాల్లోకి నీళ్లు వచ్చేశాయి. పక్కన చెట్లు విరిగి పడుతుంటే మనుషులు వెళ్లి కుక్కలని కొన్ని కొన్నిగా ఈదించుకుంటూ ప్రయోగశాలకి తెచ్చి పై అంతస్తులో ఎక్కించారు. అన్ని కుక్కలనీ కలిపి ఒకేచోట కుక్కారు.

నీళ్లు తీసిన కొన్ని రోజులకి స్పెరాన్‌స్కీ అనే ఆయన సహచరుడు ఒక కుక్కని మళ్లీ బల్ల ఎక్కించాడు. వరదకి ముందు అది అన్ని గుర్తులకీ లెక్క తప్పకుండా నోరూరించుకునే కుక్క. ఇప్పుడు దేనికీ చుక్క రాలేదు. ఎదురుగా తిండి పెట్టినా తల తిప్పేసుకుంది. మూడు రోజులు పస్తు ఉంచినా అంతే. అప్పుడు మామూలుగా పక్క గదిలో ఉండే మనిషి ఈ గదిలోకి వచ్చి కుక్క పక్కన కూర్చున్నాడు. వేరే ఏ మందూ లేదు. కుక్క తినడం మొదలుపెట్టింది, పాత గుర్తులన్నీ మెల్లగా తిరిగి వచ్చాయి. మనిషి లేస్తే మళ్లీ పోయేవి. అందుకని కొన్నాళ్లు కూర్చుంటూ, కొంచెం కొంచెంగా దూరం అవుతూ వచ్చారు.

కుక్క పూర్తిగా బాగైంది అనుకున్నాక తలుపు కింద నుంచి సన్నగా, చప్పుడు లేకుండా, గదిలోకి నీళ్లు వదిలి చూశారు. కుక్క బల్ల మీద లేచి నిలబడింది. నేల వంకే చూస్తూ, రొప్పుతూ, దిగిపోవాలని గింజుకుంది. గంట, దీపం అన్నీ మళ్లీ పనిచెయ్యకుండా పోయాయి.